చెయ్యి అడ్డం పెట్టి

తలంటుకున్న తర్వాత చిక్కు ఎలా తీసుకోవాలో చెప్పే వీడియోలు ఇప్పుడు లెక్కలేనన్ని. దాదాపు అన్నీ ఒకటే చెప్తాయి: కొసల నుంచి మొదలుపెట్టండి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన వాడండి, తొందరపడకండి. మంచి మాటలే. కాకపోతే అవన్నీ దువ్వెన పట్టుకున్న చేతికి చెప్పే మాటలు. రెండో చెయ్యి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు తక్కువ. మా అమ్మ ఎవరి తల దువ్వినా ఆమె ఎడమ చెయ్యి ముడికి కాస్త పైన జుట్టుని పిడికిలిలో బిగించి పట్టుకుని ఉంటుంది. కుడి చేతిలోని దువ్వెన ఎంత గుంజినా ఆ గుంజుడు పిడికిలి దగ్గర ఆగిపోతుంది, మాడు దాకా రాదు. దువ్వించుకునే పిల్లకి ఆ పిడికిలి ఉందన్న సంగతి కూడా తెలీదు. లేని రోజున మాత్రం తెలుస్తుంది, "గుంజకే అమ్మా" అని అరుస్తుంది.

ఆ ఎడమ చెయ్యి గురించి కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. దారం చిక్కుపడితే దారానికి నొప్పి లేదు. మనకు ఓపికుంటే విప్పుతాం, లేకపోతే తెంపుతాం. జుట్టు అలా కాదు, దాని రెండో కొన ఒక మనిషిలో ఉంటుంది. తెలుగులో కష్టాలన్నిటికీ ఈ మాటే వాడతాం. చిక్కు ప్రశ్న, చిక్కుముడి, చిక్కుల్లో పడ్డాడు. కానీ వాడేటప్పుడు మన మనసులో ఉండేది దారం. విప్పేవాడి తెలివినే మెచ్చుకుంటాం. ఇంకొకరి చిక్కుని మనం బాగుచెయ్యబోయినప్పుడు ఆ లాగుడు ఎవరి మాడు మీద పడుతోంది అనే ప్రశ్న అడగం. నాకు ఆ ప్రశ్నే ముఖ్యంగా కనిపిస్తోంది. అది ఎంత పెద్ద ప్రశ్నో పాలమూరు వైపు జటల సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడికి వెళ్ళే ముందు మామూలు చిక్కు సంగతి చూడాలి, ఎందుకంటే రెండూ ఒకే నీళ్ళలోంచి వస్తాయి.

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. ఆ పొలుసుల అంచులు కొస వైపు తిరిగి ఉంటాయి. అందుకే ఒక వెంట్రుకని వేళ్ళ మధ్య పెట్టి కుదురు నుంచి కొసకి జారిస్తే నున్నగా పోతుంది, కొస నుంచి కుదురుకి జారిస్తే గరుకుగా తగులుతుంది. నీళ్ళు తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పొలుసులు లేస్తాయి, పక్క వెంట్రుక పొలుసులతో పట్టుకుంటాయి. తడి జుట్టు సాగుతుంది కూడా. సాగుతోంది కదా అని ఇంకాస్త లాగుతాం, తెగుతుంది. దీనికి తోడు మనిషికి రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడటం మామూలే. జడ వేసి ఉంచితే అవి రాలిపోకుండా లోపలే ఉండిపోతాయి. స్నానంలో ఆ ఊడిన వెంట్రుకలే తాళ్ళలా మిగతావాటిని కట్టేస్తాయి. తలకు పోసుకునే ముందే ఒకసారి దువ్వుకొమ్మని పెద్దవాళ్ళు చెప్పడంలో ఉన్న తర్కం ఇదే. పొడి జుట్టులో ఉన్న చిన్న ముడిని నీళ్ళు పీటముడి చేస్తాయి.

మిగతా జాగ్రత్తలూ ఇక్కడి నుంచే వస్తాయి. జుట్టంతా నెత్తి మీద కుప్ప చేసి బట్టలు ఉతికినట్టు రుద్దకూడదు. నిలబడో, ముందుకు వంగో, జుట్టు ఎటు వేలాడితే అటే నీళ్ళు పోవాలి. తువ్వాలతో కసిగా తుడవకూడదు, అద్దాలి. తడి జుట్టుని ముడేసి పడుకోకూడదు. నిటారు జుట్టయితే సగం ఆరాక వేళ్ళతో పాయలు విడదీసి, ఆ తర్వాతే దువ్వెన. బాగా ఉంగరాల జుట్టుకి మాత్రం పొడిగా దువ్వడమే ప్రమాదం. దానికి కండిషనరో, నూనో, మందారాకు జిగురో ఏదో ఒక జారుడు తగిలించి తడిమీదే వేళ్ళతో విప్పాలి. కొబ్బరినూనె సంగతి కూడా వట్టి అమ్మమ్మ నమ్మకం కాదు. 2003లో మన దేశపు పరిశోధకులే కొబ్బరినూనెని పొద్దుతిరుగుడు నూనెతోనూ మినరల్ ఆయిల్‌తోనూ పోల్చి చూశారు. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడం తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. ఇక కొసల నుంచి మొదలుపెట్టడం గురించి 2022లో హార్వర్డ్‌లో మహదేవన్ బృందం లెక్కలు కట్టి, మెలిపడ్డ తీగల మీద ప్రయోగాలు చేసి మరీ ఒక పేపర్ వేసింది. కొస దగ్గర నుంచి చిన్న చిన్న దువ్వుళ్ళతో పైకి వెళ్ళడమే తక్కువ నొప్పి దారి అని తేలింది. మా అమ్మకి చెప్తే, "గింత దానికి లెక్కలెందుకే బిడ్డా" అంది.

కానీ నల్గొండలో పుట్టినవాళ్ళకి ఇవన్నీ తర్వాతి సంగతులు, ముందున్నది నీళ్ళు. నల్గొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్ళలోంచి పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ఊరు పేరు ప్రపంచానికి తెలిసింది అలా. ఎముకల్ని వంచిన ఆ నీళ్ళ ముందు జుట్టు గురించి మాట్లాడటం సిగ్గుగానే ఉంటుంది, అందుకే ఎవరూ మాట్లాడలేదనుకుంటా. చిక్కుకి కారణం ఫ్లోరైడ్ కాదు, అదే బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. రాతినేలలోంచి లోతుగా తోడిన నీళ్ళు కఠినంగా ఉంటాయి. అందులో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డి వస్తుంది. ఆ మడ్డి వెంట్రుకలకి అంటుకుంటుంది. సబ్బుకి ఉన్న క్షారం పొలుసుల్ని లేపుతుంది, మడ్డి వాటిని అలాగే అతికిస్తుంది. ఒంటికి రుద్దుకున్న సబ్బే తలకీ రుద్దుకునే ఇళ్ళల్లో ఆదివారం సాయంత్రాలు పిల్లల ఏడుపులతో గడిచేవి.

కుంకుడుకాయకి ఈ బాధ లేదు. దాని నురగ సబ్బు నురగ లాంటిది కాదు, కఠిన జలంలో కూడా మడ్డి కట్టదు. అలాగని కుంకుడుకాయని నెత్తికెత్తుకునే కొత్త మోజుతో నేను పూర్తిగా లేను. అది ఉన్న నూనెనంతా ఊడ్చేస్తుంది, జుట్టు గడ్డిలా అవుతుంది. కళ్ళల్లో పడితే సంగతి సరేసరి. అందుకే ఒట్టి రసం పోసుకోకుండా అందులో గంజో, మందారాకో కలిపేవాళ్ళు. షాంపూ వచ్చి చాలామంది ఆడవాళ్ళకి ఒక గంట మిగిల్చింది, ఆ గంటని తీసిపారేసినట్టు మాట్లాడటం నాకు నచ్చదు. తమిళనాడులో సి.కె. రంగనాథన్ 1983లో మొదలుపెట్టి సాచెట్లలో ఊరూరికీ పంపిన షాంపూ పేరు 'చిక్'. తన తండ్రి పేరు మీద పెట్టుకున్నారట. తెలుగు ఊళ్ళలో చిక్కు పోగొట్టే సరుకుకి చిక్ అని పేరుండటం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించకపోవడం నాకిప్పటికీ వింతే.

2015లో చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్ పైలాన్ కట్టారు, ఆ పథకం మిషన్ భగీరథ అయింది, కృష్ణ నీళ్ళు నల్లాల్లోకి వచ్చాయి. పేరు పెట్టినవాళ్ళు కథ మొత్తం గుర్తుపెట్టుకునే పెట్టారో లేదో తెలీదు. భగీరథుడి కథలో గంగ ఆకాశం నుంచి దిగి నేరుగా నేల మీదికి రాదు. శివుడి జటల్లో చిక్కుకుంటుంది. దారి దొరక్క ఏళ్ళ తరబడి అక్కడే తిరుగుతుంది. భగీరథుడు మళ్ళీ తపస్సు చేస్తే శివుడు ఒక పాయ వదులుతాడు. నీళ్ళకి కూడా చిక్కు పడుతుందని ఊహించిన కథ అది. నల్లా నీళ్ళు వచ్చాక మా నల్గొండ ఇంట్లో జుట్టు తేడా నిజంగానే తెలిసింది. అమ్మ మాత్రం నమ్మలేదు, కొన్నాళ్ళు రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూసుకుంది.

ఓపిక గురించి ఒక మాట. చిక్కు తీయడానికి ఓపిక కావాలి అంటారు. మన నీతి కథల్లో ఓపిక మనిషి గుణం, కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. నేను చూసినంతలో ఓపిక చాలావరకు తీరిక. తీరిక అంటే నీళ్ళు, వెలుతురు, కూర్చోడానికి అరుగు, ఆ గంటకి కూలి పోకపోవడం. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఎరుగుదురు. డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టడానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలిపోయాయి. పని జాగాలో గుడిసె ముందు ఒక డ్రమ్ము నీళ్ళు, ఇంటిల్లిపాదికీ అవే. సిమెంటు దుమ్ము, చెమట, నెత్తి మీద తట్ట పెట్టుకోడానికి చుట్టిన బట్ట ఒరిపిడి. అలాంటి చోట తలకు పోసుకోవడం నెలకొకసారో, ఇంకా ఆలస్యంగానో. పోసుకున్నాక ఆరబెట్టుకోడానికి వేళ ఉండదు, తడిమీదే కొప్పు చుట్టి పనికి. ఆ తల్లి బిడ్డ జుట్టుని పిడికిట్లో పట్టుకుని కొసల నుంచి మొదలుపెట్టకపోతే ఆమెకి ఓపిక లేదనే తీర్పు ఇవ్వడానికి నాకు నోరు రాదు.

తీరిక లేని చోటికి కత్తెర వస్తుంది. 2019 ఆగస్టులో మెదక్‌లో ఒక గిరిజన బాలికల గురుకులంలో నీళ్ళ కొరత వల్ల పిల్లల జుట్టు కత్తిరించేశారని వార్తలొచ్చాయి. తల్లిదండ్రులు గొడవ చేశారు, రెండు రోజులు టీవీల్లో నడిచింది. పొట్టి జుట్టుకి తక్కువ నీళ్ళు చాలు, చిక్కు పడదు. లెక్క సరైనదే. నేనే పొట్టి జుట్టు మనిషిని, దాని సుఖం నాకు తెలుసు. కానీ నా జుట్టు నేను అమీర్‌పేటలో డబ్బులిచ్చి కత్తిరించుకున్నాను. ఆ పిల్లలు వరసలో నిలబడ్డారు. నీళ్ళ ట్యాంకర్ తెప్పించాల్సినవాళ్ళ మీద పడాల్సిన లాగుడు పదేళ్ళ పిల్లల మాడు మీద పడింది. దువ్వెన కన్నా కత్తెర నొప్పి తక్కువ అనుకుంటాం. తొందరలో ఉన్న దువ్వెనకీ, అడగకుండా వచ్చిన కత్తెరకీ నాకు పెద్ద తేడా కనపడదు.

ఇక దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు. ఉండ చుట్టి గోడ సందుల్లో, చూరు కింద దాచడం మా వైపు ఆడవాళ్ళ అలవాటు. స్టీలు గిన్నెలకో, పిన్నీసులకో, పిల్లలకైతే బుగ్గలకో వాటిని మార్చుకునేవాళ్ళు. ఇప్పుడు బండికి మైకు కట్టుకుని వచ్చి డబ్బులే ఇస్తున్నారు. తిరుపతి జుట్టు వేలం గురించి అందరికీ తెలుసు గానీ ఈ ఉండల ప్రయాణం గురించి తక్కువమందికి తెలుసు. ఎమ్మా టార్లో అనే ఆంత్రపాలజిస్ట్ 2016లో జుట్టు వ్యాపారం మీద ఒక పుస్తకం రాసింది. అందులో మన దేశపు ఇళ్ళల్లోని ఈ ఉండలు మయన్మార్ దాకా ఎలా వెళ్తాయో, అక్కడ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఒక్కో వెంట్రుకా చేత్తో ఎలా విడదీస్తారో చూసి రాసింది. ముడి వెంట్రుకల ఎగుమతి మీద 2022 జనవరిలో కేంద్రం ఆంక్షలు పెట్టింది, ఈ పని ఇక్కడే ఉండాలన్నది ఇక్కడి వ్యాపారుల కోరిక. మనకి ఓపిక లేక వదిలేసిన చిక్కు, మనకన్నా బీద మనిషి ఓపికగా తీస్తుంది, కిలోల లెక్కన. ఆ వెంట్రుకలతో అల్లిన విగ్ ఎక్కడో షోరూంలో చిక్కు లేకుండా మెరుస్తుంది. ఓపిక గుణమే అయితే ప్రపంచంలో గుణవంతులంతా ఆ నేల మీద కూర్చున్నవాళ్ళే.

విప్పకుండా వదిలేసిన చిక్కు కొన్నాళ్ళకి ముడి కాకుండా పోతుంది. గొర్రె ఉన్ని కంబళి అయినట్టు వెంట్రుకలు ఒకదానిలో ఒకటి దిగి గట్టి ముద్ద అవుతాయి. ఒక్కోసారి ఇది నెలల మీద కాదు, ఒక్క తలస్నానంతోనే జరుగుతుంది. జ్వరం వచ్చి వారాల తరబడి మంచం మీద ఉన్న మనిషికి ఒకేసారి తలంటి కుప్పగా రుద్దితే తల మీద పక్షి గూడులాంటి ముద్ద మిగలవచ్చని చర్మవైద్యులు రాసిన కేసులున్నాయి. యూరప్ వైద్యులు దీన్ని ప్లైకా పొలోనికా అన్నారు, అంటే పోలండు జడ. అక్కడి రైతుల నమ్మకం ఏమిటంటే ఒంట్లో ఉన్న రోగం ఆ జడలోకి దిగుతుంది, దాన్ని కోస్తే రోగం తిరిగి లోపలికెళ్ళి గుడ్డితనమో, చావో తెస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రాకోవ్‌లో యూజెఫ్ డీట్ల్ అనే డాక్టరు దీని మీద పెద్ద పోరాటమే చేశాడు. వాళ్ళకది రోగం. మనకది దేవత.

సౌదత్తి ఎల్లమ్మ కొండ నుంచి నారాయణపేట, మక్తల్ దాకా ఉన్న ఆ సరిహద్దు నేల మీద ఆడపిల్ల జుట్టు జటలు కడితే ఎల్లమ్మ వచ్చిందంటారు. దువ్వకూడదు, కొయ్యకూడదు, పసుపు కుంకుమ పెట్టాలి. జుట్టు చెదిరిన దేవత ఈ ప్రాంతానికి కొత్త కాదు. అలంపురంలో జోగులాంబ కేశాలు పైకి లేచి ఉంటాయి, వాటిలో బల్లి, తేలు. శివుడి జటల సంగతి చెప్పనే అక్కర్లేదు. దేవుడికీ, సన్యాసికీ జట ఒక ఎంపిక, లోకాన్ని వదిలేసిన గుర్తు. మాదిగవాడలో పదమూడేళ్ళ పిల్లకి అదే జట లోకం తనని పట్టేసుకున్న గుర్తు. ఎందుకంటే ఎల్లమ్మ వచ్చిన పిల్లని జోగినిగా విడవడం అక్కడి ఆచారం. జోగినిగా విడిచిన పిల్లకి పెళ్ళి లేదు, ఊళ్ళో పెత్తందార్లకి మాత్రం ఆమె మీద హక్కు ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. నిజామాబాద్ వైపు జోగినుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన హేమలతా లవణం జాషువా కూతురు. చట్టమూ ఉద్యమమూ రెండూ నిజమే. చట్టం వచ్చాక కూడా బాసింగం కట్టిన పిల్లలున్నారన్నదీ నిజమే.

జటలు కొయ్యాలా వద్దా? నా స్నేహితుల్లో ఇద్దరు ఈ ప్రశ్నకి చెరో జవాబు తడుముకోకుండా ఇస్తారు. ఒకడు హేతువాది. మురికి, పేలు, మూఢనమ్మకం, కోసెయ్యి అంటాడు. ఇంకొకామె పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె లోకం ఆమెది, మన శుభ్రత ఆమె మీద రుద్దడానికి మనమెవరం అంటుంది. రెండో వాదనకి బలం ఉంది. లూసిండా రాంబెర్గ్ ఉత్తర కర్ణాటకలో జోగతిల మధ్య ఉండి, వాళ్ళ జటల మీద 2009లో రాసిన వ్యాసం పేరులోనే దేవత జుట్టు ఎలా మురికిగా మారిందో ఉంది. జట ఉన్న మనిషికి జనం మొక్కుతారు, బియ్యం పోస్తారు, ఆమె మాటకి ఒక భయం ఉంటుంది. వేరే ఏ ఆస్తీ లేని మనిషికి అదే ఆస్తి. సంస్కర్త కత్తెర ఆ ఆస్తిని ఒక్క నిమిషంలో తీసేసి చేతిలో శుభ్రత పెడుతుంది. శుభ్రత ఎవరూ మొక్కేది కాదు.

అయినా నేను ఆ స్నేహితురాలి వైపు నిలబడలేను. జట బరువు మెడని వంచుతుంది. దాని కింద చర్మానికి గాలి తగలదు, పుండు పడితే కనపడదు. పిల్ల తల మీద జట పడినప్పుడు ఆమె లోకం ఆమెది అనడం, ఆ లోకాన్ని ఆమె ఎంచుకోలేదన్న సంగతి దాటవేయడమే. 'వదిలేద్దాం' అనేది గౌరవంలా వినిపిస్తుంది గానీ, చాలాసార్లు మన చేతులు నొప్పెట్టకుండా చూసుకోవడం. అలాగే ముద్దయిపోయిన జుట్టుని విప్పొచ్చు అనే మాట కూడా సగం అబద్ధం. నెల రోజుల ముద్దని నూనెతో, వేళ్ళతో, రోజుకి కొంచెంగా విప్పినవాళ్ళున్నారు. ఇరవై ఏళ్ళ జట విప్పుకోదు. అప్పుడు కత్తెరే.

కత్తెర సరే, ఎడమ చెయ్యి ఎక్కడ? దభోల్కర్ పెట్టిన మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి కార్యకర్తలు పుణె చుట్టుపక్కల వందలమంది ఆడవాళ్ళ జటలు తీశారు. వాళ్ళు చెప్పేదాంట్లో కత్తెర పని చిన్నది, మాటల పని పెద్దది. ఆమెతో, అత్తతో, మొగుడితో, ఊళ్ళో దేవుడొచ్చే మనిషితో మళ్ళీ మళ్ళీ మాట్లాడాలి. రేపు ఆ ఇంట్లో బర్రె చచ్చిపోయినా, మనవడికి జ్వరం వచ్చినా జట కోసినందుకే అంటారు. ఆ మాట వచ్చిన రోజున ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు? జోగిని అయితే ఇంకో లెక్క కూడా ఉంది. జాతరలో వచ్చే బియ్యం రేపటి నుంచి రావు. ఆ బియ్యం ఎక్కడి నుంచి? ఇంటి జాగా, పింఛను, పిల్లల చదువు, ఇవన్నీ ముందు కదిలితే కత్తెర లాగుడు వాటి దగ్గర ఆగుతుంది. కదలకపోతే నేరుగా మాడుకే. ఫొటో తీసుకుని వెళ్ళిపోయే శిబిరాల మీద నాకున్న కోపం ఇదొక్కటే, వాళ్ళ హేతువాదంతో నాకు పేచీ లేదు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు మక్తల్ వైపు. ఆమె వాడలోనే ఒక జోగిని ఉండేది, అమ్మమ్మ కన్నా పది పన్నెండేళ్ళు చిన్న. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి లేచాక తలకు పోస్తే జుట్టంతా ఒక్క ముద్ద అయిందట. ఎల్లమ్మ అన్నారు. ఆ తర్వాత కథ పైన రాసిందే. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ జట మోసింది. నేను చూసేనాటికి దాన్ని మెడ చుట్టూ తిప్పి భుజం మీద వేసుకునేది, గొంగడిలా. ఒకసారి బయటి నుంచి కొందరు బండేసుకుని వచ్చి మీటింగు పెట్టి కత్తెర తీస్తే ఆమె జొన్న చేలో దాక్కుందట. వాళ్ళు మళ్ళీ రాలేదు. తర్వాత నాలుగైదేళ్ళకి మెడ నొప్పి ఓర్చుకోలేక తనే అమ్మమ్మ దగ్గరికి వచ్చి "తీసేద్దామా అక్కా" అంది. వెంటనే మళ్ళీ, ఇప్పుడొద్దు, జాతర అయినంక అంది. జాతర అయ్యాక పంటలొచ్చాయి, పంటలయ్యాక ఇంకేదో. అమ్మమ్మ ఏడాదిన్నర పాటు ఆ మాట తను ఎత్తలేదు, ఆమె ఎత్తినప్పుడల్లా మాత్రం కూర్చుని విన్నది. ఆ మధ్యలో జోగిని పింఛను కాయితాలు పట్టుకుని మండలాఫీసుకి నాలుగుసార్లు తోడు వెళ్ళింది.

చివరికి ఒక మంగళవారం మధ్యాహ్నం, వాకిట్లో, ఇంకో ముసలి జోగినిని పిలిపించుకుని, దీపం పెట్టించుకుని కూర్చుంది. కత్తెరకి తెగలేదట, కూరగాయల కత్తి తేవాల్సి వచ్చింది. అమ్మమ్మ ఒక చేత్తో కుదుళ్ళు పట్టుకుంది, ముసలామె కోసింది. కోసిన జటని బట్టలో కట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, మర్నాడు బస్సులో తనే తీసుకెళ్ళి కృష్ణలో వదిలొచ్చింది. ఆటో ఇప్పిస్తామన్నా వద్దంది.

వచ్చాక అమ్మమ్మని అడిగిందట, "ఇగ ఏంతోని పోసుకోవాలె అక్కా?"

"షాంపు అయితే రూపాయి పాకీటు, దుకాన్ల ఉంటది," అందట అమ్మమ్మ. "కుంకుడుకాయలైతే మా పెరట్ల రాలి ఉన్నయ్. తెల్లారినంక వచ్చి ఏరుకపో."

తెల్లారాక సంచి పట్టుకుని వచ్చింది.